పచ్చని చోటుకు మారుతున్నారా? ముందు బోరు నీళ్లు చూసుకోండి

నల్లగొండలో పానగల్లు దాటితే ఉదయసముద్రం మీది చల్లగాలి. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల వైపు వెళ్తే అప్పన్నపల్లి అడవి. ఊరికి దగ్గర్లో, చెట్ల నడుమ ఇరవై ముప్పై ఇళ్లున్న చిన్న కాలనీలో ఉండాలని ఎవరికి ఉండదు? ఆరోగ్యానికీ అది మంచిదే. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోడ్డు మీద బండ్ల రద్దీ, పొగ లేకపోతే ఆ నడక రోజూ సాగుతుంది.

అయితే ప్లాటు చూడటానికి వెళ్లినవాళ్లు గాలి ఎలా ఉందో, రోడ్డు ఎంత వెడల్పో చూస్తారు. నీళ్ల గురించి అడిగితే 'బోరుంది, ఫుల్లుగా నీళ్లు' అంటారు. ఎన్ని నీళ్లున్నాయని కాదు, ఆ నీళ్లలో ఏముందని అడగాలి.

నేలలోనే ఉంది సమస్య

ఈ ప్రాంతమంతా గ్రానైటు రాతినేల. ఆ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కొంచెం కొంచెంగా నీటిలోకి దిగుతుంది. వానలు తక్కువై, బోర్లు లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల దాని మోతాదు పెరుగుతుంది. దానికి రంగు, రుచి, వాసన ఉండవు. నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని తాగడానికి లేదు.

తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదన్నది మన దేశ ప్రమాణం. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతి. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే కీళ్లు, మెడ, నడుము బిగుసుకుపోతాయి. ఎక్కువ ముప్పు చిన్నపిల్లలకే. పళ్లు తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్లలోపు ఈ నీళ్లు తాగితే పళ్ల మీద తెల్లమచ్చలు, గోధుమరంగు చారలు వస్తాయి. అవి వాటంతట అవి పోవు.

కాచినా పోదు

నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా దాన్ని ఆపలేదు. ఆర్వో ఆపుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగ్‌పూర్‌లోని 'నీరి' శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. దానికి ప్రపంచమంతటా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు! అయితే నీటిని పరీక్షించి, లెక్క ప్రకారం మందు వేయాలి. ఇంట్లో ఉజ్జాయింపుగా చేయకూడదు.

ఇల్లు కొనేముందు

* బోరు నీళ్లను శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి, ల్యాబ్‌లో ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి చూస్తే మేలు.
* మిషన్ భగీరథ నల్లా కాలనీ దాకా వచ్చిందా, రోజూ నీళ్లు వస్తున్నాయా అని అక్కడ ఉంటున్నవాళ్లనే అడగండి.
* నల్లా నీళ్లు తాగడానికి, వంటకు ఉంచుకోండి. బోరు నీళ్లు స్నానానికి, బట్టలకు వాడుకోవచ్చు. అన్నం, పప్పు ఉడికే నీళ్లు కూడా కడుపులోకే పోతాయని మరవొద్దు.
* పిల్లలకు పాలు, పెరుగు, రాగిజావ, ఉసిరి, జామ పెట్టండి. కాల్షియం, సి విటమిన్ తగినంత అందితే ఫ్లోరైడ్ హాని కొంత తగ్గుతుంది. అయినా మంచినీళ్లకు ఇవి బదులు కావు.
* ఇంటి కప్పు మీద పడ్డ వాన నీటిని ఇంకుడు గుంతలోకి మళ్లించండి.

పచ్చదనం చూడగానే కంటికి తెలుస్తుంది. నీళ్ల సంగతి పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. లక్షలు పోసి ప్లాటు కొనేముందు ఒక్క సీసా నీళ్లు ల్యాబ్‌కు పంపడం పెద్ద పనేం కాదు.