కుర్రవాడి చేతికి మొదటి రంపం మిషను

గాలివానకు కొట్టం మీద పడిన కొమ్మలు తీయాలన్నా, గట్ల మీది సుబాబుల్, అవిశ, గ్లైరిసిడియా చెట్లను మేతకూ వంటచెరకుకూ కొట్టాలన్నా ఈ రోజుల్లో చాలా పల్లెల్లో చెయిన్ రంపం మిషను వాడుతున్నారు. పెద్దలకు ఓపిక తగ్గిన ఇళ్లలో ఈ పని చదువుకునే కుర్రవాడి మీద పడుతుంది. వాడికి ఏ మిషను కొనాలని ఆలోచించే సభ్యులకు మా మనవి ఒకటే. మిషను సంగతి తరువాత, ముందు పని ఎంతో, కుర్రవాడి వయసు ఎంతో చూడండి.

మేతకు కోసే కొమ్మ సాధారణంగా మణికట్టు లావు మించదు. దానికి కత్తి, చేతి రంపం చాలు. 18 ఏళ్లు నిండనివానికి మొదటి రంపం ఇదే కావాలని మా సలహా. పళ్లకు పదును పెట్టడం, కొమ్మ ఎటు వాలుతుందో గమనించడం, ముందు అడుగున కొద్దిగా కోసి ఆపైన మీదినుంచి కోయడం దీనితోనే అలవడుతాయి. మిషన్ల వెంట వచ్చే సూచనల పుస్తకాలు కూడా పిల్లలు వాడరాదనే చెబుతాయి. 16 దాటినవారు తెలిసినవారి పర్యవేక్షణలో నేర్చుకోవచ్చునని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, పూర్తి వేగంలో ఈ గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్లు పరుగెత్తుతుంది. పట్టీ కొస పైభాగం చెక్కకు తగిలిందంటే మిషను ఒక్క ఉదుటున మనిషి మీదికి ఎగిరి వస్తుంది. చేయి తీసేటంత వ్యవధి ఉండదు.

వయసు వచ్చి మిషను కొనేటప్పుడు ఇవి చూడండి:

1. పట్టీ 12 నుంచి 14 అంగుళాలు చాలు. పొడుగు పెరిగితే బరువూ, ప్రమాదమూ పెరుగుతాయి. వాడేవాడే దుకాణంలో రెండు చేతులతో ఎత్తి చూడాలి.

2. ముందు పిడికి ఎదుట గొలుసును ఆపే బ్రేకు ఉండాలి. అది లేని మిషను చవకగా వచ్చినా వద్దు. పాత మిషనైతే బ్రేకు పనిచేస్తున్నదో లేదో ఎదుటే చూపించమనండి.

3. బ్యాటరీ మిషను తేలిక, పొగ రాదు. కానీ మీట నొక్కగానే తిరుగుతుంది. గొలుసు ముట్టుకునే ముందు బ్యాటరీ ఊడదీయాలి. ఒంటిచేతి చిన్న మిషన్లను ఆటవస్తువులని తలచరాదు. రెండో చేయి గొలుసు దగ్గరకు పోయేది వాటితోనే.

4. శిరస్త్రాణం, కళ్లజోడు, చెవులకు మూతలు, గట్టి బూట్లు, కాళ్లకు రక్షణ తొడుగు కూడా ధరలో లెక్క వేసుకోండి. తొడుగులోని పోగులు గొలుసుకు చుట్టుకొని దానిని ఆపుతాయి. లుంగీతో, మెడలో తువ్వాలుతో మిషను పట్టరాదు.

వాడకంలో మిషనును రెండు చేతులతో పట్టాలి. భుజం కంటె ఎత్తున కోయరాదు. నిచ్చెన మీద, చెట్టు మీద వాడరాదు. ఒంటరిగా వెళ్లరాదు. కరెంటు తీగ మీద పడిన చెట్టును, ఒత్తిడితో వంగి ఉన్న మానును తెలిసినవారికే వదలాలి.

మన పాడి ఇళ్లకు ఇంకొక మాట. పాలు పితికే వేళ కొట్టం దగ్గర మిషను వేయకండి. బెదిరిన గేదె చేపదు. పెట్రోలు డబ్బా పాల క్యాన్ల గదిలో ఉంచకండి. పాలు వాసన పట్టేస్తాయి. సాయంత్రం కేంద్రానికి పాలు పోసే తొందరలో మిషను ముట్టనే ముట్టకండి.

కొన్న రోజున సూచనల పుస్తకాన్ని కుర్రవాడిచేతనే బిగ్గరగా చదివించండి. ఇంటి పెద్దలు కూర్చుని వినండి. అందులో రాసినవి తండ్రి పాటించకపోతే కొడుకూ పాటించడు.