ఊటకుంటకు తగిన చోటు – పటములపై నిర్ణయము

అనంతపురం ప్రాంతములో సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. అడుగున చాలచోట్ల గట్టిరాయి. వాన నీటిని భూమిలోనికి ఇంకించు ఊటకుంటను ఇట్టి ప్రాంతమున తగని తావున త్రవ్వినచో ఖర్చు దండుగ యగును. దిగువనున్న బోరుబావులకు చుక్క చేరదు. నేల, వాలు, నీరు వచ్చు పరీవాహకము, వీటి పటములను ఒకదానిపై నొకటి పరచి చూచినచో చోటు తెలియును. ఇయాన్ మెక్‌హార్గ్ 1969లో అమెరికాలో వెలువరించిన గ్రంథములో పారదర్శకమైన పటములతో ఈ పద్ధతిని చూపెను. ఇప్పుడు కంప్యూటరు పటమును చిన్న గడులుగా విభజించి, గడిగడికి లెక్క కట్టును.

లెక్క కష్టమైనది కాదు. ప్రతి అంశమునకు 5కు ఇన్ని మార్కులని వేయవలెను. అంశములన్నియు సమానము కావు గదా! నేలకు నూటికి 40, వాలుకు 30, పరీవాహకమునకు 30 చొప్పున ప్రాధాన్యము నిత్తమనుకొందము. ఒక చోట వరుసగా 5, 4, 2 మార్కులు వచ్చినవి. వీనిని 40, 30, 30లతో హెచ్చవేసి, కూడి, 100చే భాగించగా 3.8 వచ్చును. మరొక చోట 3, 4, 5 మార్కులకు 3.9 వచ్చును. రెండవదే మేలని తోచును. కాని నేలకు 50, తక్కిన రెంటికి 25 చొప్పున ఇచ్చి చూడుడు: మొదటిది 4.0, రెండవది 3.75! ప్రాధాన్యము కొంచెము మార్చగానే ఫలితము తారుమారైనచో, ఆ రెంటి నడుమ పటము తీర్పు చెప్పలేదన్న మాట. రెండు చోట్లను గుంత తీసి, నీరు పోసి, ఎంత వేగముగా ఇంకునో చూడవలసినదే.

ఇంకొక చిక్కు కలదు. జిగట నల్లరేగడికి 1 మార్కే ఇచ్చినను, వాలుకు 5, పరీవాహకమునకు 5 వచ్చినచో మొదటి లెక్కన 3.4 అగును. ఫరవాలేదనిపించును. నీరింకని నేలలో ఊటకుంట ఏల? అట్టి గడులను ముందే కొట్టివేసి, మిగిలినవానికే లెక్క కట్టవలెను. నీటిని నిలుపుకొనవలసిన సేద్యపు కుంటకైతే అదే రేగడికి 5 మార్కులు వేయవచ్చును. కనుక ఒక పనికై తయారైన పటమును వేరొక పనికి వాడరాదు.

ప్రాధాన్యములను గ్రామసభలో నిర్ణయించునపుడు చోట్ల పేర్లు బయట పెట్టకుండుట మంచిది. పేర్లు తెలిసిన పిదప, ఎవరి బోరుకు ఎగువన కుంట రావలెనో వారు దానికి తగినట్లే అంకెలు పలుకుదురు. నిర్ణయించిన అంకెలను పటము అంచుననే వ్రాసి పంచాయతీ గోడకు అంటించినచో, రేపు అడుగువారికి జవాబుండును.