భంగారమా, బంగారమా?

పిల్లలూ! గుజరాతీలో, హిందీలో ‘భంగార్’ అంటే తుక్కు సామాను. తెలుగులో ‘బంగారం’ అంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కర్లేదు. మేము విశాఖపట్నం నుంచి సూరత్‌కు బదిలీ అయి వచ్చిన కొత్తలో ఈ రెండు మాటలూ మా ఇంట్లో పెద్ద తికమక తెచ్చిపెట్టాయి. పక్కింటి పెద్దాయన మా పాత మారుతి 800ను చూసి, “దీన్ని భంగార్‌లో ఇచ్చేయండి” అని హిందీలో సలహా ఇచ్చారు. మా పాప ఆ మాటను ‘బంగారం’ అని విని, మన కారు ఇస్తే బంగారం ఇస్తారట అని ఇల్లంతా చాటింది. ఆ కారుకు వచ్చిన జబ్బేమిటో, అది ఎలా నయమైందో చెప్పడానికే ఈ వ్యాసం. వాహనాల పని తెలియని వాళ్లకు కూడా ఇందులో ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది.

ఏం జరిగిందంటే...

బదిలీ హడావిడిలో మా కారు రెండు నెలలు విశాఖలో కదలకుండా ఉండిపోయింది. జూన్‌లో లారీ మీద సూరత్ చేరింది. ఆ ఆదివారం అపార్ట్‌మెంటు కింద పార్కింగ్‌లో దాన్ని స్టార్ట్ చేశాం. ఒక నిమిషం నడిచి, నల్లటి పొగ వదిలి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాం, మళ్లీ ఆగింది. మూడోసారి తాళం తిప్పబోతుంటే పాప ముక్కు మూసుకుని, “ఆపండి, పెట్రోలు వాసన వస్తోంది!” అని అరిచింది.

బానెట్ ఎత్తి చూస్తే కార్బ్యురేటర్ నుంచి పెట్రోలు కారి ఇంజిన్ మీద తడిగా మెరుస్తోంది. సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ నీళ్ల మోటారు వేయడానికి వస్తున్నాడు. దాని స్విచ్ మా కారుకు నాలుగడుగుల దూరంలో గోడకే ఉంది. పాప కేక విని అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

స్విచ్ వేస్తే ఏమవుతుంది అనుకోకండి. పెట్రోలు మామూలు వాతావరణంలోనే ఆవిరవుతూ ఉంటుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు. అందుకే పైకి పోకుండా నేల మీద పరుచుకుంటుంది. గాలి ఆడని పార్కింగ్‌లో అయితే అక్కడే నిలిచిపోతుంది. అప్పుడు అంటుకోవడానికి అగ్గిపుల్లే అక్కర్లేదు, స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు.

మేము మొదట చేసిన పని మరమ్మతు కాదు. తాళం తీసేసి, కారును నలుగురం కలిసి ఆరుబయటికి తోశాం. చుట్టుపక్కల ఎవరూ స్విచ్ వేయకుండా, బీడీ వెలిగించకుండా చూశాం. ఇంజిన్ చల్లారి, వాసన పూర్తిగా పోయిన తర్వాతే బ్యాటరీ వైరు విప్పాం. వైరు విప్పేటప్పుడు కూడా నిప్పురవ్వ వచ్చే అవకాశం ఉంది కాబట్టి ముందే విప్పలేదు. పెట్రోలు వాసన వస్తే మీరు చేయాల్సిందల్లా ఒక్కటే. దూరంగా జరిగి పెద్దవాళ్లను పిలవండి. విప్పి చూసే పని వాళ్లది.

నల్లా బంద్ కాకపోతే...

ఉధనాలో ఒక చిన్న గ్యారేజీ నుంచి మెకానిక్ వచ్చాడు. అతని తాత కాలంలో కరీంనగర్ వైపు నుంచి లింబాయత్‌కు మగ్గాల పనికి వచ్చిన కుటుంబం. సూరత్‌లో పవర్‌లూమ్‌ల పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మా మాట వినగానే అతను తెలుగులోకి దిగిపోయాడు.

“సార్, మీ ఇంట్ల నీళ్ల ట్యాంకి నిండినంక నల్లా బంద్ గాకపోతే ఏమైతది? గిదీ గంతే” అన్నాడు.

మేము కుళాయి అంటాం, అతను నల్లా అన్నాడు. ఏ పేరుతో పిలిచినా ఒక్క వాక్యంలో కార్బ్యురేటర్ జబ్బు చెప్పేశాడు. దాన్ని కొంచెం వివరంగా చూద్దాం.

ఇంజిన్‌లో పెట్రోలు ఒక్కటే మండదు. గాలి కావాలి. 1 గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 గ్రాముల గాలి అవసరం. ఈ రెంటినీ తగిన పాళ్లలో కలిపేదే కార్బ్యురేటర్. దాని పక్కన చిన్న గిన్నె ఒకటి ఉంటుంది. ట్యాంకు నుంచి పంపు తెచ్చిన పెట్రోలు ముందు ఈ గిన్నెలోకి వస్తుంది. గిన్నెలో ఒక తేలే వస్తువు ఉంటుంది. దాని పేరు ఫ్లోట్. పెట్రోలు పెరిగేకొద్దీ ఫ్లోట్ పైకి లేచి, ఒక సన్నని సూదిని రంధ్రంలోకి నెడుతుంది. దారి మూసుకుంటుంది. పెట్రోలు తగ్గితే ఫ్లోట్ దిగుతుంది, సూది జారుతుంది, దారి తెరుచుకుంటుంది. మేడ మీద నీళ్ల ట్యాంకులో తేలే ప్లాస్టిక్ బంతి చేసే పని కూడా ఇదే. మీరు చదువుకునే ఆర్కిమెడీస్ సూత్రం ఈ రెండు చోట్లా పనిచేస్తోంది.

గిన్నెలోని పెట్రోలు అక్కడి నుంచి జెట్ అనే సన్నని రంధ్రం ద్వారా గాలి వెళ్లే గొట్టంలోకి చేరుతుంది. ఆ గొట్టం మధ్యలో ఇరుకుగా ఉంటుంది. ఇరుకులో గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. ఆ తగ్గిన పీడనమే పెట్రోలును తుంపరలుగా లాగుతుంది. దీని వెనక ఉన్న సూత్రాన్ని డేనియల్ బెర్నూలీ 1738లో ప్రచురించిన పుస్తకంలో వివరించాడు. పదకొండో తరగతికి వచ్చాక మీరూ చదువుతారు.

సూది సరిగా మూసుకోకపోతే గిన్నె నిండి పొర్లుతుంది. అడగకుండానే పెట్రోలు గొట్టంలోకి కారుతుంది. గాలి పాలు తక్కువై, పెట్రోలు సగం సగం మండి నల్లపొగ వస్తుంది. స్పార్క్ ప్లగ్‌లు తడిసి నిప్పురవ్వ ఇవ్వవు, ఇంజిన్ ఆగిపోతుంది. మిగిలింది బయటికి కారుతుంది. కొంత సిలిండర్ గోడల వెంట దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలుచన చేస్తుంది. మా కారు ఆయిల్ పుల్ల తీసి వాసన చూస్తే పెట్రోలు వాసనే వచ్చింది. పొంగిన కారును మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయకూడదని అంటారే, అందుకే.

తేలిక నుంచి కష్టానికి

అతను పని చేసిన తీరు మాకు బాగా నచ్చింది. నేరుగా కార్బ్యురేటర్ విప్పేయలేదు. తేలికగా తేలేదాన్ని ముందు, కష్టమైనదాన్ని తర్వాత చూశాడు.

మొదట అంతా పొడిగుడ్డతో తుడిచాడు. తడి మళ్లీ ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టాలి కదా! రబ్బరు పైపు పగిలినా, క్లిప్పు వదులైనా పెట్రోలు కారుతుంది. అది పొంగడం కాదు, కారడం మాత్రమే. పైపు గట్టిపడి సన్నని పగుళ్లు ఉన్నాయి కానీ, తడి అక్కడ మొదలవలేదు.

తర్వాత చోక్ చూశాడు. చల్లటి ఇంజిన్ కోసం గాలిని తగ్గించే రేకు అది. మూసుకున్న స్థితిలోనే బిగుసుకుపోతే కూడా పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. మాది సరిగానే ఉంది.

ఆపైన కార్బ్యురేటర్ మూత విప్పి ఫ్లోట్ తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చిల్లుపడితే లోపలికి పెట్రోలు వెళ్లి గలగల శబ్దం వస్తుంది. బరువెక్కిన ఫ్లోట్ సరిగా తేలదు, సూదిని నెట్టలేదు. శబ్దం రాలేదు. అంటే ఫ్లోట్ బాగానే ఉంది.

చివరికి సూది బయటికి వచ్చింది. దాని మొన మీద వలయంలా అరిగిన గీత ఉంది. చుట్టూ గోధుమరంగు జిగురు. ఆ జిగురులో ఇరుక్కుని, ఆవగింజలో పదో వంతు కూడా లేని తుప్పు రేణువు ఒకటి. ఇంత పెద్ద కారును ఆపి, మమ్మల్ని అంత భయపెట్టింది అదే!

జిగురు ఎక్కడి నుంచి వచ్చింది? కదలని బండిలో, గిన్నెలో మిగిలిన పెట్రోలులోని తేలిక భాగాలు ఆవిరైపోతాయి. బరువైనవి అడుగున జిగురుగా మిగులుతాయి. పైగా ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది. దానికోసం తయారు చేయని పాత రబ్బరు భాగాలను దెబ్బతీస్తుంది. మా ట్యాంకులోని తుప్పు, పాత పైపు పగుళ్లు ఇందుకు తోడయ్యాయి.

కొత్త కార్బ్యురేటర్ అవసరం రాలేదు. గిన్నె, జెట్‌లు శుభ్రం చేసి, సూదిని, అది కూర్చునే భాగాన్ని, గ్యాస్కెట్‌ను మార్చాడు. ఫ్లోట్ ఎత్తు సరిచేశాడు. పెట్రోలు ఫిల్టరు, రబ్బరు పైపు కొత్తవి వేశాడు. పలుచనైన ఇంజిన్ ఆయిల్ తీసేసి కొత్తది పోశాడు. స్టార్ట్ చేసి పది నిమిషాలు నడిపి, మళ్లీ పొడిగుడ్డతో తుడిచి చూపించాడు. గుడ్డ పొడిగానే ఉంది.

మీ ఇంట్లో ఉందా?

కొత్త కార్లలో కార్బ్యురేటర్ లేదు. కంప్యూటర్ లెక్క ప్రకారం ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్ముతాయి. కానీ ద్విచక్ర వాహనాలలో 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చేవరకు చాలావాటికి కార్బ్యురేటరే ఉండేది. అంతకుముందు కొన్న స్కూటరో మోటార్‌సైకిలో మీ ఇంట్లో ఉంటే అందులోనూ ఈ గిన్నె, ఈ సూది ఉండవచ్చు.

మనందరికీ బదిలీలు తప్పవు. బండిని రైల్లో పంపేటప్పుడు ట్యాంకులో పెట్రోలు తీసేస్తారు. గిన్నెలో మిగిలిన ఆ కొంచెం ఎవరికీ గుర్తుండదు. పెట్రోలు ట్యాప్ ఉన్న మోటార్‌సైకిలైతే ట్యాప్ మూసి, ఆరుబయట ఇంజిన్ దానంతటదే ఆగేవరకు నడిపితే గిన్నె ఖాళీ అవుతుంది. లేదంటే గిన్నె అడుగున ఉండే స్క్రూ వదులు చేసి మెకానిక్ ఖాళీ చేస్తాడు. ఈసారి మీ ఇంట్లో సామాను సర్దుతున్నప్పుడు ఈ మాట అమ్మకో నాన్నకో గుర్తు చేయండి.

మా కారు ఇప్పుడు రోజూ తిరుగుతోంది. పక్కింటి పెద్దాయన ఆ మధ్య అందులోనే మాతో స్టేషన్‌కు వచ్చారు. దిగేటప్పుడు మా పాప ఆయన్ని అడిగింది, “తాతగారూ, ఇది భంగారా, బంగారమా?” అని. ఆయన నవ్వి, బానెట్ మీద చెయ్యి వేసి, ‘సోనా’ అన్నారు.