ఆరు గ్రాముల ఆశ

వానాకాలం ముదిరేకొద్దీ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి జ్వరాలతో వచ్చేవాళ్లు పెరుగుతారు. వారిలో కొందరికి ఇన్ఫెక్షన్‌తో శరీరం చేసే పోరు అదుపు తప్పుతుంది. రక్తనాళాలు సడలి బీపీ పడిపోతుంది, మూత్రం తగ్గుతుంది, మాట తడబడుతుంది. ఐసీయూ బయట కూర్చున్న బంధువులకు వినిపించే మాట “సెప్టిక్ అయింది” అని. వైద్యభాషలో సెప్సిస్. దాని తీవ్రరూపమే సెప్టిక్ షాక్. పదిమందిలో ముగ్గురు, నలుగురిని తీసుకుపోతుంది.

ఇంతటి జబ్బుకు చవకైన సి విటమిన్ మందు అవుతుందా?

2016లో అమెరికాలోని నార్‌ఫోక్ నగరంలో డాక్టర్ పాల్ మారిక్ 47 మంది రోగులకు సి విటమిన్‌ను నరం ద్వారా ఎక్కించారు. ఆరు గంటలకోసారి ఒకటిన్నర గ్రాములు. దానికి తోడు హైడ్రోకార్టిసోన్, బి1 విటమిన్. వారిలో చనిపోయింది నలుగురే. అంతకుముందు నెలల్లో ఈ వైద్యం అందని 47 మందిలో 19 మంది చనిపోయారు. ఆ లెక్క చూసి ప్రపంచమంతా ఆశపడింది.

రోజుకు ఆరు గ్రాములంటే తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో 100 గ్రాముల జామకాయకు సుమారు 212 మిల్లీగ్రాములు. ఆ లెక్కన దాదాపు మూడు కిలోల జామకాయలు తినాలి. తిన్నా లాభం లేదు. పేగు కొంతవరకే పీల్చుకుంటుంది, మిగులును మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. అందుకే నరంలోకి ఎక్కించడం.

ఈ ఆలోచన గాలిలోంచి పుట్టలేదు. మేక తనకు కావలసిన సి విటమిన్‌ను కాలేయంలో తానే చేసుకుంటుంది, మనిషి చేసుకోలేడు. సెప్సిస్‌లో రక్తంలో దాని పాళ్లు బాగా పడిపోతాయి. బీపీని నిలబెట్టే నారడ్రినలిన్‌ను శరీరం తయారుచేసుకోవాలంటే ఈ విటమిన్ తప్పనిసరి. ఐసీయూలో చుక్కచుక్కగా ఎక్కించేది కూడా ఆ నారడ్రినలిన్‌నే.

అయితే మారిక్ పోల్చింది ఈ నెలల రోగులను ఆ నెలల రోగులతో. ఎవరికి ఏ మందన్నది చీటీ తీసి తేల్చలేదు. అలా చీటీ తీసే పద్ధతిలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రెజిల్‌లలో 216 మందిపై జరిపిన పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. తేడా కనబడలేదు. 2022లో లొవిట్ అనే పరీక్ష మరింత కలవరపెట్టింది. ఐసీయూలో ఉన్న 872 మందిని చేర్చుకున్న ఆ పరీక్షలో, 28వ రోజుకల్లా చనిపోయినవారు, అవయవాలు ఇంకా కోలుకోనివారు కలిపి సి విటమిన్ తీసుకున్నవారిలో 44.5 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 38.5 శాతం. మేలు మాట అటుంచి, కీడే జరిగి ఉండొచ్చన్న సూచన అది.

“విటమినే కదా, పోయేదేముంది” అనుకోవడం ప్రమాదం. పెద్ద మోతాదులో ఎక్కిస్తే కొన్ని గ్లూకోమీటర్లు లేని షుగర్‌ను ఉన్నట్టు చూపిస్తాయి. దాన్ని నమ్మి ఇన్సులిన్ ఇస్తే అసలు షుగర్ ప్రాణం మీదికి వచ్చేంత పడిపోతుంది. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవారిలో ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు.

విటమిన్ సంగతి ఎలా ఉన్నా, సెప్టిక్ షాక్‌లో యాంటీబయోటిక్ గంటలోపు పడాలి. ఈ చోట ఒక తెలుగువాడిని తలచుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థలోనే 1948లో తొలి టెట్రాసైక్లిన్ ఆరియోమైసిన్ వెలువడింది. ఆ కుటుంబంలోదే డాక్సీసైక్లిన్. పొదల్లోని నల్లిజాతి పురుగుల పిల్లలు కుట్టడంవల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌కు ఇప్పటికీ ముఖ్యమైన మందు అదే. ఆలస్యమైతే ఆ జ్వరమూ షాక్‌లోకి దింపుతుంది. కుట్టినచోట కొందరికి సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది. నొప్పి ఉండదు కనుక రోగి చెప్పడు. చంకలో, గజ్జల్లో, మొలతాడు కింద వెతికి చూడాలి.