మూలుగ మార్పిడి పిదప నూఱు దినములు

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతపు తోటలలో టమాటా నారు తీసి నాటువారికి తొలి దినముల భయ మెట్టిదో తెలియును. నాటుట యొకనాటి పని. నిలిచినదో లేదో కనిపెట్టుట పలుదినముల పని. ఎముకల మూలుగ మార్పిడియు నిట్టిదే.

తలసీమియా, రక్తపు క్యాన్సరు మున్నగు వ్యాధులలో రోగి మూలుగను మందులచే నిర్మూలించి, సరిపోలిన దాత మూలకణములను సిరలోనికి ఎక్కింతురు. ఆ దినమునకు సున్న యని పేరు. అచ్చటినుండి వైద్యులు ఏ దినముల కేది వచ్చునో యెఱిగి, దానికై కాచుకొని యుందురు.

మొదటి రెండు మూడు వారములు తెల్లకణములు మిక్కిలి క్షీణించియుండును. అవి లేనిదే చీము పట్టదు, వాపు కానరాదు; పెక్కుసారులు జ్వర మొక్కటే సాక్షి. ధర్మామీటరు 38 డిగ్రీల సెంటిగ్రేడు, అనగా 100.4 ఫారన్‌హీటు, దాటి నిలిచినచో, పరీక్షకు రక్తము తీసి, ఫలితమునకై వేచియుండక గంటలోపల మందు నెక్కింపవలయును. ఒడలు బరువెక్కి, కుడి డొక్క నొచ్చి, కన్నులు పచ్చబడినచో కాలేయములోని సన్నని నాళములు పూడుచున్నవని శంకింతురు. అందుకే రోగిని దినదినము తూచుట. త్రాసు ఇంత పని చేయునని మేము తలపలేదు.

న్యూట్రోఫిలు కణములు మైక్రోలీటరునకు 500కు తగ్గక వరుసగా మూడు దినములు నిలిచినచో మూలుగ కుదురుకొన్నదందురు. అయినను నారుమడి పోలిక యిచ్చట చెల్లదు. నాటిన మొక్క నేలపై తిరుగబడదు. దాత కణము లట్లుగాక రోగి దేహమునే పరాయిదిగా నెంచి పోరవచ్చును. అరచేతుల, అరికాళ్ల ఎఱ్ఱని దద్దురు, నీళ్ల విరేచనములు, కామెర్లు దీని గుఱుతులు. తొలి 100 దినములలో నిది మెండు. దీనిని నివారించుటకు వాడు మందులలో మెథోట్రెక్సేటు ఒకటి. అది భీమవరమున జనించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడిపిన లెడర్లీ పరిశోధకబృందమునుండి వెలువడినది. వారు 1948లో గతించిరి. 1957లో డాక్టరు థామసు మానవులకు మూలుగ నెక్కించిన వృత్తాంతము ప్రకటించుట వారు చూడలేదు.

ప్రేవులు లోలోపల దెబ్బతినుచుండగనే రక్తములో హెచ్చు రెండు ప్రొటీనులను 7వ దినముననే కొలిచి, ఎవరికీ పోరు ప్రాణాంతకము కాగలదో అంచనా కట్టు పద్ధతి 2017లో ప్రకటింపబడినది. అంచనా అంచనాయే, అపాయము తక్కువ యని తేలినవారిలోను కొందఱికి వచ్చును.

కావున ఇల్లు చేరిన పిదపను కావలి తప్పదు. రాత్రి పిల్లవాని ఒడలు వెచ్చబడినచో మాత్ర మ్రింగించి తెల్లవాఱనిమ్మనుట మన యిండ్లలో వాడుక. ఆ మాత్ర జ్వరమును దాచునే కాని సూక్ష్మజీవిని చంపదు. మాత్రకు ముందే ధర్మామీటరు చూచి, ఆసుపత్రికి టెలిఫోను చేసి, ఆ రాత్రియే హైదరాబాదు బాట పట్టవలయును.