కప్పు మరక వేరు, అంగీ మరక వేరు

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన చాయ్ బండి నడిపే ఎవరి ఫ్లాస్కు మూత తీసి చూసినా లోపల గోధుమ రంగు పట్టు కనిపిస్తుంది. రోజూ కడుగుతూనే ఉంటారు, అయినా పోదు. అదే చాయ్ తెల్ల అంగీ మీద ఒలికితే ఇంకో రకం మొండితనం. రెండింటినీ ఒకే సబ్బుతో, ఒకే పీచుతో రుద్దుతాం. చిక్కంతా అక్కడే.

ముందు కప్పు సంగతి. లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన మైఖేల్ స్పైరో, డియోగ్రేషియస్ జగన్యి టీ మీద తేలే తెట్టును పరీక్షించి 1993లో ‘నేచర్’ పత్రికలో రాశారు. స్వేదన జలంతో చేసిన టీ మీద తెట్టు కట్టలేదు. నీళ్లలో కాల్షియం, బైకార్బొనేట్ రెండూ ఉంటేనే కట్టింది. అంటే కప్పు అంచున గీతలా మిగిలేది ఒట్టి తేయాకు కాదు, నీళ్లలోని సున్నం కూడా. తేయాకులోని పాలీఫినాల్స్ గాలి తగిలి నల్లబడి, ఆ సున్నంతో కలిసి పొర కడతాయి.

మన వైపు బోరు నీళ్లు ఎంత సున్నం మోస్తాయో గీజరు విప్పిన మెకానిక్‌ను అడిగితే చాలు. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 (2012). దాని ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరక్కపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. 150 మిల్లీలీటర్ల కప్పుకు లెక్కేస్తే మొదటి నీళ్లలో 30 మిల్లీగ్రాములు, రెండో నీళ్లలో 90. తాగేవాడికి పర్వాలేదేమో గానీ కప్పుకు మూడింతల బరువు.

సున్నాన్ని కరిగించేది పులుపు. పావు లీటరు వేడి నీళ్లలో ఒక చెంచా (సుమారు 5 గ్రాములు) నిమ్మ ఉప్పు వేస్తే 2 శాతం ద్రావణం. కప్పులో 20 నిమిషాలు నిలవుంచి తోమితే చాలు. లీటరు ఫ్లాస్కుకు నాలుగు చెంచాలు. చింతపండు పులుసుతో ఇత్తడి చెంబు తోమిన చేతికి ఇది కొత్త విద్యేమీ కాదు. ప్లాస్టిక్, మెలమైన్ కప్పుల మీద మాత్రం స్టీలు పీచు వద్దు. పడిన ప్రతి గీతలో రేపటి చాయ్ దాక్కుంటుంది.

వంట సోడా, వెనిగర్ కలిపి పొంగించే చిట్కా ఒకటి తెగ తిరుగుతోంది. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ 5 గ్రాముల సోడా, 4 శాతం వెనిగర్ సుమారు 90 మిల్లీలీటర్లలో ఉన్న పులుపునంతా తినేస్తుంది. పొంగు చల్లారాక సోడా పనీ ఉండదు, వెనిగర్ పనీ ఉండదు. విడివిడిగా వాడితే రెండూ పనికొస్తాయి.

ఇంకో జాగ్రత్త గచ్చు గురించి. తాండూరు నాపరాయి సున్నపురాయే. దాని మీద చాయ్ ఒలికిందని నిమ్మకాయ రుద్దితే మరకతోపాటు రాయి నునుపూ పోతుంది. అక్కడ గిన్నెలు తోమే లిక్విడే నయం.

ఇక అంగీ. ఇక్కడ అడ్డుపడేది పాలు. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం ఉండాలని నిబంధన. పాల మాంసకృత్తుల్లో దాదాపు 80 శాతం కేసీన్, అది తేయాకు రంగును పట్టుకుని నూలు పోగుల్లో కూర్చుంటుంది. వేడి నీళ్లు పోస్తే అక్కడే బిగుసుకుంటుంది. కాబట్టి ముందు చన్నీళ్లు, అదీ బట్టను తిరగేసి వెనక నుంచి. తర్వాత వెన్న వదిలేందుకు ఒక చెంచా గిన్నెల లిక్విడ్, పది నిమిషాలు. సబ్బు బిళ్లకు తొందరపడొద్దు. క్షారం తగిలితే తేయాకు రంగు ముదురుతుంది. నమ్మకపోతే డికాషన్‌లో చిటికెడు వంట సోడా వేసి చూడండి, పక్క గ్లాసులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండి చూడండి.

అప్పటికీ మిగిలిన రంగుకు మందు ఆక్సిజన్. ప్యాకెట్ వెనక సోడియం పర్‌కార్బొనేట్ అని ఉన్న పొడి తెచ్చుకోండి. స్వచ్ఛమైన దాని బరువులో 32 శాతం దాకా హైడ్రోజన్ పెరాక్సైడే. లీటరు వేడి నీళ్లకు ఒక చెంచా, గంట నానబెట్టాలి. పాలు పోయాయి కాబట్టి ఇప్పుడు వేడి మేలే చేస్తుంది. మందుల షాపులో దొరికే 6 శాతం పెరాక్సైడ్‌కు సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం, తెల్ల నూలుకు అది సరిపోతుంది. రంగు బట్టైతే ముందు లోపలి కుట్టు దగ్గర ఒక చుక్క వేసి చూడాలి.

మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ జోలికి వెళ్లొద్దు. మూడు చుక్కల గుర్తంటే 200 డిగ్రీలు. చక్కెర సుమారు 160 దగ్గరే గోధుమ రంగుకు తిరుగుతుంది. కనిపించని తీపి మరక ఇస్త్రీ కింద బయటపడేది ఇందుకే.

పోచంపల్లి పట్టుకు ఇవేవీ పనికిరావు. చన్నీళ్లు అద్ది, పొడి గుడ్డతో పీల్చి, డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. క్లోరిన్ బ్లీచ్ పట్టు పోగును కరిగించేస్తుంది. ఆ బ్లీచ్‌ను ఏ బట్టకు వాడినా నిమ్మ ఉప్పుతో గానీ వెనిగర్‌తో గానీ కలపకండి. వెలువడేది క్లోరిన్ వాయువు, తలుపులు మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది.