మింగేసే ఊహ: అది జబ్బేనా?

తమను ఎవరో అమాంతం మింగేస్తున్నట్టు, వాళ్ల కడుపులోకి జారిపోతున్నట్టు ఊహించుకుంటే కొందరికి లైంగిక ఉద్రేకం కలుగుతుంది. మరికొందరికి తామే ఎదుటివారిని మింగుతున్నట్టు ఊహించుకోవడంలో ఆ ఉద్రేకం. వైద్యులు దీన్ని వోరారెఫిలియా అంటారు. ఇది చాలా అరుదైన కోరిక. ఇది తమలో ఉన్నవారు ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతారు. విన్నవారు హడలిపోతారు. ఇద్దరికీ అవసరమైన సమాధానం శాస్త్రం దగ్గర కొంత ఉంది.

ఊహలోనే ఉండే కోరిక

ఈ కోరిక నిజంగా తీరేది కాదు. మన అన్నవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, వెడల్పు దాదాపు 2 సెంటీమీటర్లు. కొండచిలువ జింకను మింగగలదంటే, దాని కింది దవడలోని రెండు సగాలూ ముందువైపు అతుక్కోకుండా, సాగే కణజాలంతో కలిసి ఉండటం ఒక కారణం. మన కింది దవడ ఒకటే ఎముక. మనిషిని మనిషి మింగడం శరీర నిర్మాణం రీత్యా అసాధ్యం.

అందుకే ఈ కోరిక బొమ్మల్లో, కథల్లో, యానిమేషన్లలో బతుకుతుంది. వాటిలో మింగేది ఓ మహాకాయురాలో, డ్రాగనో, పెద్ద పామో అయి ఉంటుంది. వీటిలో రెండు రకాలున్నాయి. ‘సాఫ్ట్ వోర్’లో గాయం, రక్తం ఉండవు. మనిషిని నిలువునా మింగేస్తారు. చాలా కథల్లో అతడు ప్రాణాలతోనే బయటికొస్తాడు కూడా. ‘హార్డ్ వోర్’లో కొరకడం, నమలడం ఉంటాయి. మొదటిదాన్ని ఇష్టపడేవారిలో కొందరికి రెండోది చూస్తేనే వెగటు.

భయం, ఉద్రేకం

ఎమీ లైకిన్స్, జేమ్స్ క్యాంటర్ అనే మనస్తత్వవేత్తలు ఇలాంటి కోరిక ఉన్న ఒక వ్యక్తిని పరిశీలించి, 2014లో పరిశోధన పత్రం ప్రచురించారు. మసోకిజంతో, అంటే ఇంకొకరి ఆధిపత్యానికి లొంగిపోవడంలో సుఖం వెతుక్కునే తత్వంతో దీనికున్న సంబంధాన్ని వారు చర్చించారు. ఆలోచిస్తే ఇది అర్థమయ్యే విషయమే. మింగేసినవారి చేతిలో మింగబడినవారికి మిగిలే స్వేచ్ఛ ఏమీ లేదు. లొంగుబాటుకు అంతకు మించిన హద్దు లేదు.

మింగేస్తారన్న భయం మనుషులందరికీ తెలిసినదే. రాహువు సూర్యచంద్రుల్ని మింగుతాడని మన పురాణాలు చెబితే, క్రోనస్ తన పిల్లల్నే మింగాడని గ్రీకు కథలు చెబుతాయి. భయానికీ ఆకర్షణకూ శరీరంలో కొన్ని లక్షణాలు ఒకటే: గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి బరువెక్కుతుంది. 1974లో డటన్, ఆరన్ అనే మనస్తత్వవేత్తలు కెనడాలోని కపిలానో వేలాడే వంతెన మీద ఒక ప్రయోగం చేశారు. అక్కడ మగవాళ్లను ఒక యువతి పలకరించి, తన ఫోన్ నంబర్ ఇచ్చింది. ఎత్తు తక్కువగా, గట్టిగా ఉన్న మరో వంతెన దాటినవారికంటే, ఊగే వంతెన మీద ఉన్నవారే ఎక్కువగా ఆమెకు ఫోన్ చేశారు. గుండె దడకు మనసు వేరే అర్థం చెప్పుకోగలదని ఈ ప్రయోగం సూచిస్తుంది. భయపెట్టే ఊహ కొందరిలో ఉద్రేకంగా ఎలా మారుతుందో ఆలోచించడానికి ఇదొక దారి.

గీత ఎక్కడ?

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో విడుదల చేసిన మానసిక రుగ్మతల గ్రంథం డీఎస్ఎం-5 ఒక స్పష్టమైన గీత గీసింది. అసాధారణమైన లైంగిక ఆసక్తి ఉన్నంత మాత్రాన అది జబ్బు కాదు. దానివల్ల ఆ వ్యక్తి తీవ్రంగా బాధపడుతున్నా, జీవితం దెబ్బతింటున్నా, ఇతరులకు హాని కలిగినా, కలిగే ప్రమాదమున్నా అప్పుడే అది రుగ్మత. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11 కూడా ఫెటిషిజాన్నీ, పరస్పర సమ్మతితో ఉండే సాడోమసోకిజాన్నీ రుగ్మతల నుంచి తొలగించింది. కెనడాలోని క్యుబెక్‌లో 1,040 మందిని సర్వే చేస్తే, దాదాపు సగం మంది ఏదో ఒక అసాధారణ ఆసక్తి తమకుందని చెప్పారు.

మింగేసే కోరిక అన్న మాట వినగానే చాలామందికి జర్మనీలో 2001లో ఒకరిని చంపి తిన్న ఆర్మిన్ మైవెస్ గుర్తొస్తాడు. అతనికి 2006లో యావజ్జీవ శిక్ష పడింది. అది హత్య. ఊహల్లో మింగించుకునే మనిషినీ, అతన్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం. అయితే నిజంగా తననో, ఇతరులనో గాయపరచాలన్న ఆలోచన మొదలైతే మాత్రం ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టును కలవాలి.

కోరిక వల్ల సిగ్గు, దిగులు, దాంపత్యంలో దూరం పెరుగుతున్నా సాయం తీసుకోవాలి. ఆ కోరికను చెరిపేయడం వైద్యుడి పని కాదు, దాని బరువు తగ్గించడమే ఆయన పని. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. భార్యో, భర్తో, స్నేహితుడో ధైర్యం చేసి ఇలాంటి సంగతి చెబితే, తీర్పు చెప్పే ముందు అడగాల్సింది ఒక్కటే: ‘దీనివల్ల నీకు గానీ, ఇంకెవరికైనా గానీ బాధ కలుగుతోందా?’ డాక్టరు అడిగేదీ అదే.